దస్తర్ఖాన్ మీద సబ్‌మెరైన్

దోహా నుంచి సెలవు మీద వచ్చిన మా తమ్ముడు ఈసారి ఖజూర్లు తక్కువ తెచ్చాడు. ఎందుకురా అని అమ్మీ అడిగితే నావైపు వేలు చూపించాడు. సూట్‌కేసులో సగం జాగా ఒకే డబ్బా తినేసింది మరి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఒకాయన ఆపి, లోపల ఏముందని అడిగాడట. "సబ్‌మెరైన్ సార్" అన్నాడట మావాడు. ఆయన ఒక్క క్షణం అలాగే చూసి, మూత తీసి, ప్లాస్టిక్ ముక్కలు చూసి నవ్వేసి పంపించాడట. కొవ్వూరులో బస్సెక్కి తాళ్లపూడి మీదుగా పట్టిసీమ వచ్చేసరికి ఆ డబ్బాకి ఇంకో రెండు పేర్లు పడ్డాయి. ఒకావిడ టేబుల్ ఫ్యానా అంది. కండక్టర్ హార్మోనియం అనుకున్నాడు.

ఈ షౌక్ నాకు ఇరవై ఏళ్ళ నుంచి ఉందని పాత పోస్టులు చదివినవాళ్ళకి తెలుసు. విమానాలు కట్టాను, ట్యాంకులు కట్టాను, ఒక యుద్ధనౌక కూడా కట్టాను గానీ అది చిన్న స్కేలు. ఇంత పెద్దది మా గడప తొక్కడం ఇదే మొదలు. అందుకే ఈ పోస్టు. కిట్ తయారుచేసిన కంపెనీ పేరు చెప్పను, ఇది ఇష్తిహార్ కాదు. ఖూబీలు, కమీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు చెబుతాను. తర్వాత ఆ రాత్రి మా ఇంట్లో వచ్చిన ఒక మాట గురించి కూడా చెప్పాలి. అసలు రాయడానికి కూర్చున్నది దాని కోసమే.

కిట్ ఏమిటంటే, రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సబ్‌మెరైన్, గాటో క్లాస్. స్కేలు 1:72. అంటే అసలు జహాజులో 72 మీటర్లు ఉన్నది మన చేతిలో ఒక మీటరు. అసలుది సుమారు 95 మీటర్లు. లెక్క వేసుకుంటే పూర్తయిన మోడల్ 1.32 మీటర్లు వస్తుంది. మా హాల్లో షోకేసు దానికంటే చిన్నది. ఆ స్కేల్లో మనిషి రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండడు. పాపికొండలకు వెళ్ళే లాంచీ ఇరవై మీటర్లుందనుకుంటే, దీని పక్కన అది 28 సెంటీమీటర్ల బొమ్మ. పిల్లలకి ఇలా చెబితేనే ఆ సైజు తలకెక్కుతుంది.

ఇషా నమాజు అయ్యాక హాల్లో పాత దస్తర్ఖాన్ పరిచాను. భోజనానికి కాదు. చిన్న ముక్క జారితే తెల్లగుడ్డ మీద కనపడుతుంది. నేల మీద పడితే చీపురుకే దక్కుతుంది. తమ్ముడు, మా పెద్దోడు చెరోపక్క కూర్చున్నారు. పెద్దోడు తొమ్మిదో క్లాసు. అమ్మీ తస్బీహ్ తిప్పుకుంటూ కుర్చీలో కూర్చుంది. బిస్మిల్లా అని మూత తీశాను.

ముందు నాలుగు పెద్ద ముక్కలు. ఇవే జహాజు ఒళ్ళు. ముందు భాగం రెండు చెక్కలు, వెనక భాగం రెండు చెక్కలు. తర్వాత డెక్కు ముక్కలు, మధ్యలో నిలబడే టవరు, పెరిస్కోపులు, తోపులు, పంఖాలు, చుక్కాని. అన్నీ బూడిదరంగు ప్లాస్టిక్ కొమ్మలకి కాయల్లా వేలాడుతుంటాయి. అడుగున స్టాండు, అంకెలూ గుర్తులూ ఉన్న స్టిక్కర్ షీటు, బొమ్మలతో ఒక కితాబు.

ఇలాంటి కిట్‌ని ఎలా పరఖాయించాలో కొత్తవాళ్ళ కోసం చెబుతాను. మొదటి పరీక్షకి మన ఇళ్ళలో మంచి సాధనం ఉంది, కడప బండ. పొడవాటి ముక్కని బండ మీద బోర్లించి, అవతలి వైపు టార్చి వేయండి. కింద నుంచి వెలుతురు వస్తే ముక్క వంగినట్టే. కరిగిన ప్లాస్టిక్‌ని ఉక్కు అచ్చులోకి గట్టిగా నొక్కి, చల్లార్చి, పిన్నులతో బయటికి తోస్తారు. అన్నివైపులా ఒకేలా చల్లారకపోతే ఒంకర వస్తుంది. పొడవు పెరిగేకొద్దీ ఆ ఫికర్ పెరుగుతుంది. నా నాలుగు ముక్కల్లో మూడు సాఫీగా ఉన్నాయి. నాలుగోదాని కింద వెంట్రుకంత వెలుతురు కనిపించింది. అతికేటప్పుడు రబ్బరు బ్యాండ్లు బిగిస్తే సర్దుకుంటుంది.

రెండో పరీక్ష గోటితో. ముక్క మీద గోరు నడిపితే పానెళ్ళ గీతలు తెలియాలి, కానీ అడ్డు తగలకూడదు. ఇందులో డెక్కు మీద చెక్కపట్టీలు చూసి తమ్ముడు కూడా మాషా అల్లాహ్ అన్నాడు. అన్ని పట్టీలూ విడివిడిగా తెలుస్తున్నాయి. పిన్నులు తోసిన గుండ్రటి మచ్చలు లోపలివైపే ఉన్నాయి, అతికాక కనపడవు. మూడోది, ముందు భాగం వెనక భాగం కలిసే చోటు. ఇక్కడ మన కిట్‌కి మార్కులు తగ్గుతాయి. జోడించి పట్టుకుంటే నడుము చుట్టూ గీత కనపడుతోంది. లోపల ప్లాస్టిక్ పట్టీ వేసి బలం ఇవ్వాలి, పైన పుట్టీ పెట్టి, ఉప్పుకాగితంతో రుద్దాలి. 1.32 మీటర్ల బరువంతా ఆ నడుము మీదే ఉంటుంది.

ఇక అసలు కమీ. జహాజు పక్కల వెంట వరసగా నీళ్ళు వచ్చిపోయే బెజ్జాలుంటాయి. ఇవి ఎందుకో పెద్దోడికి అర్థం కాలేదు. జహాజుకి బెజ్జమంటే మునగడమే కదా అన్నాడు. కొబ్బరికాయ ఉదాహరణ చెప్పాను. పైన పీచు, లోపల చిప్ప. మనుషులు, ఇంజన్లు, బ్యాటరీలు ఉండేది చిప్పలో. బయట మనకి కనిపించే ఒళ్ళు చాలాచోట్ల పీచులాంటిది. మునిగినప్పుడు డెక్కు కింద ఖాళీలోకి నీళ్ళు ఆ బెజ్జాల్లోంచి చేరతాయి, తేలినప్పుడు వాటిలోంచే కారిపోతాయి. కిట్‌లో ఆ బెజ్జాలు తెరిచి లేవు. గుంటలు మాత్రం చూపించి వదిలేశారు. తెరవకపోతే దూరం నుంచి పరవాలేదు, దగ్గరికి వస్తే బొమ్మ అని తెలిసిపోతుంది. తెరవాలంటే చేతిడ్రిల్లుతో ఒక్కొక్కటీ తొలచాలి. వందల్లో ఉన్నాయి. దీనికి ప్లాస్టిక్ జిగురు పనికిరాదు, సబర్ కావాలి.

జిగురు అంటే గుర్తొచ్చింది. వీటికి ఫెవిక్విక్ వాడకండి. మోడల్ సిమెంట్ అని దొరికేది అతికించదు, రెండు అంచులనీ కొద్దిగా కరిగించి ఒకటి చేస్తుంది. ఆరాక విడదీయలేం. అందుకే ముందు జోడించి చూసుకోవాలి, తర్వాతే సిమెంట్. అతికే ముందు ముక్కలన్నిటినీ సబ్బునీళ్ళతో కడగాలి. అచ్చు నుంచి సులువుగా ఊడడానికి పూసే నూనె మీద రంగు నిలవదు. మన గోదావరి గాలిలో తడి ఎక్కువ కాబట్టి వానాకాలం రంగులు వేయకండి, నా అనుభవంతో చెబుతున్నా.

ముక్కలు తీస్తుంటే ఒక్కోదాని పేరు పెద్దోడికి చెబుతూ పోయాను. లంగరు. చుక్కాని. పేర్లు చెబుతుంటే మా దాదా గొంతు వినపడ్డట్టుంది. దాదా ఈ నది మీద లాంచీ సరంగు. రోడ్లు సరిగా లేని రోజుల్లో రాజమండ్రి నుంచి పాపికొండల్లోంచి ఎగువకి లాంచీలే దిక్కు. ఆయన బూరుగు చెక్కతో నాకొక లాంచీ చెక్కిచ్చాడు, అసలు లాంచీకి వేసి మిగిలిన రంగుతో. నా మొదటి మోడల్ అదే. ఆయనకి చదువు లేదు గానీ ఒక మాట చెప్పేవాడు. "ఈ నీళ్ళ మీద మాటలు సగం మనవేరా" అని. నిజమే. లంగరు ఫార్సీ మాట. సరంగు ఫార్సీ సర్‌హంగ్ నుంచి వచ్చింది. కళాసీ అంటే మన ఖలాసీ. మచిలీపట్నాన్ని బందరు అనే ప్రతి తెలుగువాడూ ఫార్సీ పలుకుతున్నట్టే. చుక్కానిని అరబీలో సుక్కాన్ అంటారు. వీటిని ఇప్పుడు మాదీ మీదీ అని ఎవరూ పంచుకోరు. రేవులో అందరివీ.

స్టిక్కర్ షీటు తీశాక పెద్దోడు నంబర్లు చూస్తూ ఉన్నట్టుండి అన్నాడు.

"అబ్బా, ఇది ఘాజీయే కదా!"

అమ్మీ తస్బీహ్ ఆగింది. తమ్ముడు నావైపు చూశాడు. 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన ఘాజీ సినిమా వాడు టీవీలో ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. నేను వెంటనే, "కాదు, ఇది గాటో" అన్నాను. గట్టిగానే అన్నాను.

"ఘాజీ కూడా అమెరికాదే కదా. మనం మార్చి కట్టుకోవచ్చు కదా."

"వద్దు."

"ఎందుకు?"

"ఎవరైనా ఇంటికొస్తే బాగుండదు."

వాడు కాసేపు ఊరుకుని, "నీకు భయమా అబ్బా?" అన్నాడు. వెటకారం కాదు, తెలియకే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. డబ్బా మూత పెట్టేసి, పొద్దున్నే స్కూలుంది పడుకోమన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను కూడా వాడి ఈడులో ఉన్నప్పుడు క్లాసులో 1971 యుద్ధం పాఠం వచ్చింది. పాఠం చెబుతున్నాయన వైజాగ్ దగ్గర మునిగిన సబ్‌మెరైన్ గురించి చెప్పి, నావైపు చూసి, "మీవాళ్ళ సబ్‌మెరైన్‌ని మనవాళ్ళు ముంచేశారోయ్" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన చెడ్డవాడు కాదు, ఆ నవ్వుని సాయంత్రానికి మరిచిపోయి ఉంటారు కూడా. నేను మరిచిపోలేదు. మీవాళ్ళు, మనవాళ్ళు. ఆ రెండు మాటల మధ్య నన్ను ఎటు నిలబెట్టారో అర్థం కాలేదు. ఆ రోజు నుంచి ప్రపంచంలో ఉన్న యుద్ధనౌకలన్నిటి గురించీ చదివాను. జర్మనీవి, జపాన్‌వి, రష్యావి. మా ఇంటికి మూడొందల కిలోమీటర్ల లోపు సముద్రంలో పడి ఉన్న ఆ ఒక్కదాని గురించి మాత్రం చదవలేదు. నా షౌక్‌లో ఒక గదికి తాళం వేసుకుని, ఆ తాళం ఉన్నట్టు కూడా మరిచిపోయాను.

ఫజర్ తర్వాత అమ్మీ చాయ్ ఇస్తూ తనే మొదలుపెట్టింది. అమ్మీ పుట్టిల్లు వైజాగ్. నానా పోర్టులో ఖలాసీ. 1971లో అమ్మీకి ఎనిమిదేళ్ళు.

"సాయంత్రమైతే దీపాలు ఆర్పేయమనేవాళ్ళు. కిటికీలకి నల్లకాగితాలు అంటించాం. చీకట్లోనే భోజనం. ఆ రాత్రి ఒక పెద్ద చప్పుడు, కిటికీ రెక్కలు గడగడలాడాయి. భూకంపమని ఒకరు, బాంబులని ఒకరు. నానా డ్యూటీలో ఉన్నారు. పొద్దున వచ్చేదాకా నానీ జానమాజ్ మీంచి లేవలేదు."

"నానా ఏమన్నారు?"

"బందరు ఖైరియత్‌గా ఉందన్నారు. రెండు రోజులు నిద్ర లేకుండా పనిచేశారు. తర్వాత జాలర్లకి సముద్రంలో సామాన్లు దొరికాయని, దుష్మన్ జహాజు మునిగిందని తెలిసింది. పోర్టులో మిఠాయి పంచారు, నానా కూడా తెచ్చారు. మేం తిన్నాం. ఆ రాత్రి ఇషా తర్వాత చాలాసేపు కూర్చుండిపోయారు. ఎందుకని నానీ అడిగితే, 'నీళ్ళలో పనిచేసేవాణ్ణి కదా, నీళ్ళలో పోవడం ఎలా ఉంటుందో తలుచుకుంటున్నా' అన్నారు. అంతే."

మిఠాయి తినడమూ నిజమే, ఆ రాత్రి కూర్చుండిపోవడమూ నిజమే. నానాకి ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు. మరి నాకెందుకు వచ్చాయి?

ఆ రోజు నుంచి వారం పాటు నేనూ పెద్దోడూ కలిసి చదివాం. తెలుసుకున్నది మీకూ చెబుతాను, ఎందుకంటే మన ఇళ్ళలో చాలామందికి ఈ కథ సినిమాగానో, నాలాగా ఒక గుచ్చుకున్న మాటగానో మాత్రమే తెలుసు.

ఈ జహాజు అసలు పేరు డయాబ్లో. స్పానిష్‌లో షైతాన్ అని అర్థం. టెంచ్ క్లాస్. గాటోకి చిన్న చెల్లెలు లాంటిది, పొడవు వెడల్పు దాదాపు అదే. 1944 డిసెంబర్‌లో అమెరికాలో నీళ్ళలోకి దింపారు. 1964లో పాకిస్తాన్‌కి లీజుకిచ్చారు, అప్పుడు ఘాజీ అయింది. ఈ ఉపఖండంలో అదే మొదటి సబ్‌మెరైన్. మన మొదటి సబ్‌మెరైన్ కల్వరి 1967 డిసెంబర్‌లో వచ్చింది. షైతాన్ అని పేరున్న జహాజుని లీజుకి తీసుకుని ఘాజీ అని పిలుచుకున్నారన్నమాట. పేరు మారితే ఉక్కు మారదు.

1971 నవంబర్ 14న అది కరాచీ నుంచి బయల్దేరింది. సిలోన్ చుట్టి బంగాళాఖాతంలోకి రావాలి. అంత దూరం వచ్చే సత్తా పాకిస్తాన్ దగ్గర దానికొక్కదానికే ఉంది. వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ వైజాగ్‌లోనే ఉందని అనుకునేట్టు మన నేవీ వల పన్నింది. అసలు విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు వెళ్ళిపోయింది. డిసెంబర్ 3, 4 మధ్య రాత్రి ఘాజీ వైజాగ్ బయట మునిగింది. మన రాజ్‌పుత్ అనే నౌక వేసిన డెప్త్ చార్జ్‌లతో అని మన నేవీ చెప్పింది. పాకిస్తాన్ మాత్రం తాను పరిచిన మైన్ల వల్లో, లోపలి పేలుడు వల్లో పోయిందంటుంది. ఇలాంటి సబ్‌మెరైన్లో 252 బ్యాటరీ సెల్‌లుంటాయి, చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి. ఆ గ్యాస్ పేలిందని కూడా కొందరు రాశారు. ఏదైనా, అందులో ఉన్న 93 మందిలో ఒక్కరూ మిగల్లేదు. జాలర్లకి దొరికిన వాటిలో ఒక లైఫ్‌జాకెట్ మీద ఇంకా డయాబ్లో అనే ఉందట.

ఇక్కడ నేను పెద్దోడికి ఒక సంగతి ఖచ్చితంగా చెప్పాను. విక్రాంత్‌లో వెయ్యిమందికి పైగా మనుషులుంటారు. ఘాజీ వేట ఫలించి ఉంటే పోయేది వాళ్ళు. నానా పనిచేసే బందరు నోటిలో మైన్లు పరిచి ఉంటే పోయేది నానా తోటి ఖలాసీలు. కాబట్టి అది దుష్మన్ జహాజే. అందులో మనకి సందేహం లేదు, ఉండకూడదు. ఆ పేరు మన మసీదు గోడల మీద కనిపించే మాటలా ఉందని అది మనది అయిపోదు. ఆ పేరు చూసి ఎవరో మనదని అన్నంత మాత్రాన కూడా అయిపోదు. మనది ఆ రాత్రి నల్లకాగితం అంటించిన కిటికీ.

వాడు ఇంకో ప్రశ్న వేశాడు. "మరి మనవాళ్ళు పోలేదా?" పోయారు. అయిదు రోజుల తర్వాత, డిసెంబర్ 9న, అరేబియా సముద్రంలో మన ఖుక్రీని పాకిస్తాన్ సబ్‌మెరైన్ హాంగోర్ ముంచింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా జహాజుతోనే మునిగారు. ఖుక్రీ కిట్ దొరికితే అది కూడా కడదామన్నాడు వాడు. నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

2024లో మన నేవీ లోతు నీళ్ళలో దిగే వాహనంతో ఘాజీ శిథిలాన్ని చూసిందని పేపర్లలో వచ్చింది. చనిపోయినవాళ్ళ గౌరవం కోసం దాన్ని తాకలేదని కూడా రాశారు. నావికుల దస్తూర్ అది. మునిగిన జహాజు ఖబరే. ముంచినవాళ్ళే దాన్ని ఖబర్‌గా చూస్తుంటే, ఆ పేరు పలకడానికి నేను ఎవరికి భయపడుతున్నాను? క్లాసులో ఆ ఒక్క నవ్వుకి. ముప్పై ఏళ్ళు.

ఇదంతా అయ్యాక కిట్ దగ్గరికి మళ్ళీ వచ్చాం. గాటోని ఘాజీ చేయాలంటే పని తక్కువేమీ కాదు. అమెరికా దాన్ని పాకిస్తాన్‌కి ఇచ్చేటప్పటికి డెక్కు మీద తోపులు లేవు. మునిగి ఉండగానే డీజిల్ ఇంజన్లకి గాలి పీల్చే స్నార్కెల్ గొట్టం వచ్చి చేరింది. టవరు ఆకారం నున్నగా మారింది. అంటే కిట్‌లో అన్నిటికంటే అందంగా ఉన్న తోపుల కొమ్మలన్నీ పక్కన పెట్టేయాలి. టవరుని ప్లాస్టిక్ షీటు కోసి కొత్తగా కట్టాలి. పాత ఫోటోలు చూసి కొలతలు వేసుకోవాలి. పెద్దోడు స్కేలు పట్టుకుని 72తో భాగహారాలు చేస్తుంటే నాకు ఒకటి అనిపించింది. సినిమా చూసి వాడు అరిచాడు, కిట్ చూసి లెక్కపెడుతున్నాడు. ఎన్ని బెజ్జాలు, ఎంత లోతు, ఎంతమంది అని లెక్కపెట్టేవాణ్ణి ఎవరి నినాదమూ తొందరగా పట్టుకుపోలేదు. నాకు ఆ వయసులో ఈ లెక్క ఎవరూ నేర్పలేదు. నేర్పి ఉంటే, ఆ క్లాసులో లేచి నిలబడి "అందులో 93 మంది ఉన్నారండి, మా నానా పోర్టులో ఉన్నారు" అని చెప్పి ఉండేవాణ్ణి.

ఇరుగుపొరుగు ఫికర్ ఎలా తీరిందో కూడా చెప్పాలి. మా పక్కింటి బాబాయి దాదా దగ్గర లాంచీ మీద కళాసీగా పనిచేసినవాడు. ఇప్పుడు ఎనభై దాటాయి. ఆదివారం మధ్యాహ్నం వచ్చి, అరుగు మీద ఎండకి ఆరబెట్టిన నాలుగు ముక్కలు చూశాడు. పెద్దోడు నన్నడక్కుండా చెప్పేశాడు, ఇది ఘాజీ తాతా, వైజాగ్‌లో మునిగినది అని. నా గుండె ఒక్కసారి ఝల్లుమంది.

బాబాయి ముందు ముక్కని రెండు చేతులతో ఎత్తి, అడుగుభాగం నిమిరి, ఒకటే అడిగాడు.

"దీనికి ఎంత నీరు కావాలి బాబూ?"

తేలి ఉన్నప్పుడు అడుగుభాగం నీళ్ళలో ఎంత దిగుతుందని ఆయన ప్రశ్న. అయిదు మీటర్ల పైన అని చెప్పాను.

"అమ్మో. అయితే ఎండాకాలం మన రేవుకి రాదు. ఇసకలో కూర్చుంటుంది. వరదలప్పుడు రావాల్సిందే," అని కాసేపు ఆలోచించి, "వచ్చినా ధవళేశ్వరం లాకులు దాటద్దూ!" అని తనే నవ్వాడు. తర్వాత, "సరంగు గారుంటే దీన్ని తిప్పి తిప్పి చూసేవోరు" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళూ నేను భయపడిన ప్రశ్న ఆయనకి తట్టనే లేదు. అందరూ బాబాయిలే ఉంటారని నేననను. ఇంకో రకం మాట అనేవాళ్ళు రేపు రావచ్చు. వస్తే ఇప్పుడు మా ఇంట్లో జవాబు ఉంది, అది కూడా తొమ్మిదో క్లాసు పిల్లాడి దగ్గర.

చివరిగా కిట్ మీద నా ఫైసలా. ఒళ్ళు ఆకారం, డెక్కు పనితనం చాలా బాగున్నాయి. సైజుకి తగ్గ ఖర్చే. నడుము జోడు బలహీనం, పక్కల బెజ్జాలు మూసి ఉన్నాయి, టవరు చుట్టూ ఉండే రెయిలింగు అసలు కంటే లావు. మొదటి కిట్‌గా మాత్రం పిల్లలకి ఇవ్వకండి, చిన్న విమానంతో మొదలుపెట్టించండి. పెద్దవాళ్ళు పక్కన కూర్చునేట్టయితే సరే. పెట్టడానికి జాగా ముందే కొలుచుకోండి. వైజాగ్ వెళ్ళినప్పుడు ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం చూపించండి. అది రష్యా రకం, పొడవు 91 మీటర్లు, మన నేవీలో 1969 నుంచి 2001 దాకా పనిచేసింది. దాని ఇరుకు తలుపుల్లోంచి ఒకసారి వంగి నడిస్తే, చేతిలో ఉన్న ప్లాస్టిక్‌లో ఎంతమంది మనుషులు పట్టారో పిల్లలకి నేను చెప్పక్కర్లేదు.

రోజూ ఇషా తర్వాత పది బెజ్జాలు తొలుస్తున్నాం. అయిదు వాడు, అయిదు నేను. ఈ లెక్కన రంజాన్ దాటేస్తుంది. స్టాండు మీద ఏం రాయాలో పెద్దోడే రాశాడు. పేరు, తేదీ, విశాఖపట్నం, 93 మంది. అంతకుమించి ఏమీ లేదు. అమ్మీ ఒక్క షరతు పెట్టింది.

"జెండా అతికించకండి. నీళ్ళ అడుగున ఉన్నదానికి జెండా ఎందుకు?"

స్టిక్కర్ షీటు మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. రంగులు వేశాక తస్వీర్లు పెడతాను, ఇన్షా అల్లాహ్. దువాల్లో యాద్ పెట్టుకోండి.